వాన వెలిశాక కనిపించిన ఈ బుడిపెల మబ్బు ఏమిటి? ఫొటో ఎలా తీయాలి?

కృష్ణలంక డాబా:
నిన్న సాయంత్రం గాలివాన వెలిశాక, మిరపకాయలు ఆరబోసే పట్టా దులుపుదామని డాబా ఎక్కాను. ఆటోనగర్ వైపు మబ్బు అడుగున తాటిముంజలు వరసగా వేలాడదీసినట్టు గుండ్రటి బుడిపెలు. అంచులకు పసుపు వెలుగు, మధ్యలో ముదురు ఊదా. చూస్తుండగానే కరిగిపోయాయి. ఫోన్‌లో తీసిన ఫొటోలన్నీ తెల్లగా, చప్పగా వచ్చాయి. చాలా బాధేసింది. వడగళ్లు పడతాయేమో, కిందికి రమ్మని నాన్నగారు ఒకటే కేకలు. ఇది ఏ మేఘం? మళ్లీ కనిపిస్తే ఎలా తీయాలి?

పటమట రవి:
ఆస్పెరిటాస్ అనుకుంటా బ్రో. 2017లో అంతర్జాతీయ మేఘాల అట్లాస్‌లో కొత్తగా చేర్చారు.

గుంటూరు మబ్బులు:
కాదు రవి గారూ, ఆస్పెరిటాస్‌లో మబ్బు అడుగు అలలు అలలుగా ఉంటుంది, ఇలా విడివిడి బుడిపెలు ఉండవు. ఇది మమ్మాటస్. ఉరుముల మేఘం పైకి పెరిగి పెరిగి, ఇక పైకి పోలేక దాగలిలా పక్కలకు పరుచుకుంటుంది. ఎక్కువగా ఆ పరుపు అడుగునే ఇవి వేలాడతాయి. మామూలుగా గాలి పైకి లేస్తే మబ్బు కడుతుంది. ఇక్కడ చల్లబడి బరువెక్కిన గాలి కిందికి దిగుతూ ఈ ఆకారం ఇస్తుంది. నాకు ఈ మేఘమంటే ఇంత ఇష్టం అందుకే. ఇది కనిపించినంత మాత్రాన వడగళ్లు పడాలని లేదు, కానీ దగ్గర్లో గట్టి ఉరుముల మేఘం ఉందని మాత్రం అర్థం. నాన్నగారి భయం ఉత్తది కాదు.

ఇక ఫొటో. మబ్బంతా ఒకే బూడిద రంగులో ఉంటే ఫోన్ దాన్ని చీకటి అనుకుని వెలుగు పెంచేస్తుంది. అందుకే చప్పగా వస్తుంది. మబ్బులో బాగా వెలుగున్న చోట వేలు పెట్టి నొక్కండి, పక్కన సూర్యుడి గుర్తు వస్తుంది, దాన్ని కొంచెం కిందికి లాగండి. బుడిపెల నీడలు అప్పుడు తేలతాయి. నైట్ మోడ్ వద్దు. ఫ్రేమ్‌లో ఒక వాటర్ ట్యాంకో, సెల్ టవరో ఉంచండి, లేకపోతే మబ్బు ఎంత పెద్దదో చూసేవాళ్లకు తెలియదు.

వేసవి గాలివానలు మన దగ్గర ఎక్కువగా పడమటి నుంచి వచ్చి తూర్పుకు పోతాయి. వాన దాటిపోయాక పొద్దు వీపుకు పెట్టుకుని తూర్పు చూడండి. పొద్దుగూకే ముందు ఏటవాలు వెలుగే వీటికి ప్రాణం. ఫొటోతోపాటు టైమూ, దిక్కూ రాసి పెట్టుకోండి. ఆస్పెరిటాస్‌కి అట్లాస్‌లో చోటు దక్కింది మామూలు జనం తీసిన ఫొటోల వల్లే.

సీతానగరం అక్క:
డాబా అన్నావు కాబట్టి చెబుతున్నా తమ్ముడూ. మెరుపుకీ ఉరుముకీ మధ్య 30 సెకన్లలోపు ఉంటే పిడుగు సుమారు 10 కిలోమీటర్లలోపే ఉన్నట్టు. ఫోన్ జేబులో పెట్టి లోపలికి వెళ్లు. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగి ఎక్కు. బ్యారేజీ మీదా, ఘాట్లలోనూ ఇదే లెక్క.

కృష్ణలంక డాబా:
సరే అక్కా, ఉరుములుంటే ఎక్కను. గుంటూరు మబ్బులు గారూ, నిన్నటి ఫొటోలో వెలుగు ఇప్పుడు తగ్గిస్తే బుడిపెలు తేలతాయా?

గుంటూరు మబ్బులు:
పూర్తిగా తెల్లబడిన చోట ఏమీ రాదు. మిగతా చోట కాంట్రాస్ట్ కాస్త పెంచి చూడండి. ఎలా వచ్చినా ఇక్కడ పెట్టండి, చూడాలనుంది.