అమ్మ నడక మానేసింది, ఏం చేస్తే మళ్ళీ మొదలుపెడుతుంది?

గోదారి_పిల్ల:
అమ్మకి 68. తణుకులో ఒక్కతే ఉంటుంది. నాన్న పోయాక కూడా పక్కింటి పిన్నితో కలిసి పొద్దున్నే కాలవగట్టు మీద నడిచేది, ఆ పిన్ని కొడుకు దగ్గరికి బెంగళూరు వెళ్ళిపోయాక అది కాస్తా ఆగిపోయింది. షుగర్ ఉంది, మోకాళ్ళ నొప్పులు సరేసరి. ఫోన్ చేసి నడిచావా అంటే "ఈ వయసులో ఇంకా నాకెందుకే ఇవన్నీ" అంటుంది. రాత్రిళ్ళు ఒక్కదానికి ఏం వండుకుంటాంలే అని మజ్జిగన్నం, పచ్చడి. అదే మా పిల్లలు వెళ్తే తెల్లారకముందే లేచి గారెలకి పప్పు రుబ్బుతుంది, అప్పుడు మోకాళ్ళు గుర్తురావు!

బీచ్‌రోడ్_తాతయ్య:
అమ్మాయ్, ముందు ఆ "నడిచావా" అని అడగడం మానెయ్. మా వైజాగ్ బ్యాచ్‌లో సగంమంది పిల్లలకి "ఆ నడిచాం" అని చెప్పేసి ముసుగుతన్ని పడుకునే రకం. నిజం చెప్పాలంటే మేం నడక కోసం వెళ్ళం, తర్వాత తాగే టీ కోసం, రాజకీయాల కోసం వెళ్తాం. ఒకరోజు రాకపోతే ఫోన్ చేసి తిట్టేవాడుండాలి. మీ అమ్మకి పోయింది ఓపిక కాదు, తోడు. గుడిలో విష్ణు సహస్రనామం చదివే ఆడవాళ్ళు ఎవరో ఒకరుంటారు, వాళ్ళలో ఒకరితో నువ్వే మాట్లాడు.

ఫిజియో_వరంగల్:
తోడు సంగతి కరెక్టే, కానీ నడక ఒక్కటే సరిపోదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల ప్రకారం 65 దాటినవాళ్ళకి వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమతో పాటు, పడిపోకుండా నిలదొక్కుకునే వ్యాయామాలు, కండ బలానికి చేసేవి వారంలో మూడు రోజులైనా ఉండాలి. నొప్పి అని కదలడం మానేస్తే తొడ కండరాలు తగ్గిపోయి మోకాలి మీద భారం ఇంకా పెరుగుతుంది. గోడకి ఆనించిన కుర్చీలోంచి నెమ్మదిగా లేచి కూర్చోవడం, అది కూడా ఐదారుసార్లతో మొదలుపెట్టమనండి. ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్ అనే షుగర్ మాత్ర గానీ వాడుతుంటే పరగడుపున నడవకూడదు, షుగర్ పడిపోతుంది. నడిచేటప్పుడు ఛాతీలో పట్టేసినట్టున్నా, కళ్ళు తిరిగినా ముందు డాక్టరే.

వంటింటి_కబుర్లు:
మజ్జిగన్నం, పచ్చడితో కండ ఎక్కడ నిలుస్తుందండీ! ఈ వయసులో కిలో బరువుకి గ్రాము నుంచి 1.2 గ్రాముల ప్రోటీన్ కావాలంటారు, కిడ్నీలు బాగుంటేనే సుమా. గుడ్డులో సుమారు ఆరు గ్రాములు. తినకపోతే ముద్దపప్పు, పెరుగు, ఉడికించిన సెనగలు. అసలు మన అమ్మలు అందరికీ పెట్టి, చివర్లో గిన్నెలో మిగిలింది తినడం అలవాటు చేసుకున్నారు, తమకోసం వండుకోవడం అంటే వాళ్ళకి అదేదో స్వార్థంలా ఉంటుంది. ఇంకో మాట, మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర ఏళ్ళ తరబడి వాడితే బి12 విటమిన్ తగ్గొచ్చు, నీరసంగా ఉంటుంది. థైరాయిడ్ కూడా చూపించండి. దేనిమీదా ఆసక్తి లేకుండా, నిద్ర కూడా సరిగ్గా పట్టకపోతే అది డిప్రెషన్ కావచ్చు, దాన్ని బద్ధకం అనుకోకండి.

గోదారి_పిల్ల:
అందరికీ థాంక్స్. మెట్‌ఫార్మిన్ నాన్న ఉన్నప్పటి నుంచీ వేసుకుంటోంది, బి12 ఎవరూ రాయలేదు. ఆదివారం వెళ్తున్నా, టెస్టులు చేయిస్తా. ఫిజియో గారూ, ఇంట్లో ఉన్నవి ప్లాస్టిక్ కుర్చీలు, పర్లేదా?

ఫిజియో_వరంగల్:
వద్దు, జారతాయి. చెక్క కుర్చీ, చేతులున్నది. మొదటిసారి మీరు పక్కనే నిలబడండి.