నకిలీ ఫైళ్లా, నకలు ఫైళ్లా?

ప్రశ్న: అందరికీ నమస్కారం. మా ఆఫీసు సర్వర్ చూసుకునే కుర్రాళ్ల కోసం తెలుగులో ఒక సూచనల కాగితం రాస్తున్నాను. విండోస్ సర్వర్‌లో డిస్కు నిండిపోతున్నప్పుడు డూప్లికేట్ సిస్టమ్ ఫైళ్లను ఎలా తీసేయాలో అందులో ఉంటుంది. దానికి 'నకిలీ సిస్టమ్ ఫైళ్ల తొలగింపు' అని శీర్షిక పెట్టాను. చదువుతుంటే ఎక్కడో తేడాగా ఉంది. పెద్దలు చెప్పగలరు.

జవాబు: తేడా ఉందండీ, 'నకిలీ' రాయకండి. నకలు, నకిలీ రెండూ అరబీలోని ఒకే ధాతువు నుంచి ఉర్దూ మీదుగా మనకొచ్చినవే. కానీ తెలుగులో ఎప్పుడో విడిపోయాయి. తహసీల్దారు ఆఫీసులో పహాణీ నకలు అడుగుతాం, తీర్పు నకలు కోసం కోర్టులో దరఖాస్తు పెడతాం. ముద్ర పడిన నకలుకు విలువ ఉంది. నకిలీ నోటు, నకిలీ విత్తనం అన్నామంటే అందులో మోసం ఉంది. చిక్కేమిటంటే మన వాడుకలో 'డూప్లికేట్' కూడా నకిలీ వైపే ఒరిగిపోయింది. బజార్లో 'ఒరిజినలా, డూప్లికేటా' అని అడిగేవాళ్లు కాపీ గురించి అడగడం లేదు కదా. 'డూప్లికేట్'కు తెలుగు మాట ఏమిటని యంత్రాన్ని అడిగినా, మనిషిని అడిగినా 'నకిలీ' అనే జవాబు రావడానికి కారణం అదే.

పైగా సర్వర్‌లో నకిలీ ఫైలు అనదగ్గది నిజంగానే ఉంటుంది. ఎస్‌వీసీహోస్ట్ అనే విండోస్ సొంత ప్రోగ్రాం సిస్టమ్32 ఫోల్డర్లో ఉండాలి, 64 బిట్ యంత్రాల్లో సిస్‌వావ్64లో కూడా ఉంటుంది. అదే పేరు పెట్టుకుని ఏ టెంప్ ఫోల్డర్‌లోంచో నడుస్తున్నది కనిపిస్తే గట్టిగా అనుమానించాల్సిందే. నకిలీ అన్న మాటను దానికోసం దాచుకోండి.

ఇక మీ కాగితానికి ముఖ్యమైనది ఇది. డూప్లికేట్లుగా కనిపించేవన్నీ నకళ్లు కూడా కావు. విండోస్ ఫోల్డర్లో విన్‌ఎస్ఎక్స్ఎస్ అని ఒకటుంటుంది. డిస్కు నిండినప్పుడు అందరి కళ్లూ దాని మీదే పడతాయి. సిస్టమ్32లో ఉన్న ఫైళ్లే అందులోనూ కనిపిస్తాయి, అవే పేర్లు, అవే సైజులు. నిజానికి వాటిలో చాలావరకు హార్డ్ లింకులు. డిస్కు మీద సరుకు ఒక్కటే, దాన్ని చేరే దారులు రెండు. ఎక్స్‌ప్లోరర్ రెండు చోట్లా లెక్కేసుకుంటుంది కాబట్టి ఆ ఫోల్డర్ ఉన్నదానికంటే పెద్దగా కనిపిస్తుంది. ఒక దారి చెరిపేస్తే డిస్కులో కొత్తగా చోటేమీ ఖాళీ అవదు. తర్వాత అప్‌డేట్లు ఎక్కకపోవచ్చు, సర్వర్ మళ్లీ లేవకనే పోవచ్చు. దీన్ని నకలు అంటే తప్పు. 'మారుపేరు' అంటే సరిగ్గా సరిపోతుంది.

ఆ ఫోల్డర్లోనే ఇంకో రకం ఉంది. పేరు ఒకటే, వెర్షన్ వేరు. అప్‌డేట్ వచ్చినప్పుడు పాత డీఎల్ఎల్‌ని (ప్రోగ్రాంలు పంచుకుని వాడుకునే కోడ్ ఫైలుని) కొన్నాళ్లు అట్టిపెడతారు, అప్‌డేట్ వెనక్కి తీసుకోవాల్సి వస్తే అక్కరకొస్తుందని. మన రాతప్రతుల పండితులకు దీనికి చక్కని మాట ఉంది, పాఠాంతరం. బ్రౌన్ 1829లో వేమన పద్యాలు అచ్చు వేయడానికి ముందు ఎన్నో రాతప్రతులు తెప్పించి పోల్చి చూశాడు. ఒకే పద్యం మళ్లీ వచ్చిందని ప్రతిని పక్కన పారేసి ఉంటే ఆ పోలికకే తావుండేది కాదు. మీ కుర్రాళ్లకు పాఠాంతరం బరువనిపిస్తే 'పాత వెర్షన్' అనే రాయండి, అందులో తప్పేం లేదు.

ఈ పాత వెర్షన్లను తీయడానికి విండోస్‌లోనే డిస్మ్ అనే సాధనం ఉంది. విండోస్ సర్వర్ 2012 ఆర్2 నుంచి అది ఆ ఫోల్డర్ అసలు సైజు ఎంతో కూడా లెక్కగట్టి చెబుతుంది. స్టార్ట్ కాంపొనెంట్ క్లీనప్ అన్న ఆదేశం అక్కర్లేనివి వెంటనే తీసేస్తుంది. షెడ్యూల్‌లో తనంతట తాను నడిచే పని మాత్రం కొత్త వెర్షన్ వచ్చాక 30 రోజులు ఆగి తీస్తుంది. రీసెట్ బేస్ అని జోడిస్తే అప్పటిదాకా ఎక్కించిన అప్‌డేట్లను ఇక వెనక్కి తీయలేరు. ఆ వాక్యాన్ని మాత్రం మీ కాగితంలో లావు అక్షరాల్లో వేయండి.

ప్రశ్న: చాలా స్పష్టంగా చెప్పారు, ధన్యవాదాలు. అయితే 'నకలు' అన్న మాట ఎక్కడ వాడమంటారు? 'తొలగింపు' ఉంచనా?

జవాబు: షేర్డ్ ఫోల్డర్లో ఒకే ఇన్‌వాయిస్ నలుగురు నాలుగు చోట్ల దాచుకున్నారనుకోండి, అవి నకళ్లు. అక్షరం అక్షరం ఒకటేనా కాదా అన్నది పేరు చూసి తేల్చకూడదు, హ్యాష్ (ఫైలు లోపలి సరుకు నుంచి లెక్కగట్టే వేలిముద్ర లాంటి సంఖ్య) తీసి పోల్చాలి. ఒకేలా ఉన్న సరుకును డిస్కు మీద ఒక్కసారే దాచే డేటా డీడూప్లికేషన్ విండోస్ సర్వర్ 2012 నుంచి ఉంది, అది పని చేసేది ఇలాంటి వాటి మీదే. విండోస్ ఉన్న సిస్టమ్ వాల్యూమ్‌ని అది ముట్టుకోదు.

తొలగింపు కంటే 'ఏరివేత' నాకు నచ్చుతుంది. పత్రికల్లో బోగస్ కార్డుల ఏరివేత అని రాస్తారు చూడండి, చూసి, ఎంచి తీయడం అన్న అర్థం అందులోనే ఉంది. 'సిస్టమ్ ఫైళ్ల పాత ప్రతుల ఏరివేత' అని పెట్టండి.

మరొకరు: గురువుగారికి ఒక్క మనవి. 'ప్రతి' బహువచనంలో ఉన్నంతవరకు ఇబ్బంది లేదు. కాగితం లోపల ఎవరైనా 'పాత ప్రతి ఫైలును తీసేయండి' అని రాశారంటే చదివేవాళ్లు పాతవన్నీ తీసేయమన్నారని అనుకుంటారు. సర్వర్ మీద అది ప్రమాదం.

జవాబు: బాగా పట్టుకున్నారండీ, నాకు తట్టలేదు. అయితే 'ప్రతి' వద్దు. శీర్షికలో కూడా 'పాత వెర్షన్ల ఏరివేత' అనే ఉంచేద్దాం.