హైబ్రిడ్ కారుకి వెనక హిచ్ (ర్యాక్ తగిలించే ఇనుప గొట్టం) పెట్టించి సైకిళ్ళు మోయించవచ్చా?

జయపురం సైకిల్:
నాది టొయోటా హైరైడర్ స్ట్రాంగ్ హైబ్రిడ్, పెట్రోలుతో పాటు బ్యాటరీ మోటారుతోనూ నడిచే కారు. సెలవులొస్తే మా అమ్మాయీ నేనూ దేవమాలి కొండ దారిలో సైకిల్ తొక్కుతాం. అక్కడిదాకా హైవే మీద లారీల మధ్య పిల్లని తొక్కించలేను. అందుకే సైకిళ్ళు కారుకి తగిలించి తీసుకెళ్ళాలి. ఇక్కడ వెల్డింగ్ షాపతను ఇనుప గొట్టంతో హిచ్ చేసి చాసిస్‌కి (కారు అడుగు చట్రానికి) బిగిస్తానంటున్నాడు. బ్యాటరీ వెనకే ఉంది కదా, ఏమైనా ఇబ్బందా?

గుణుపురం కుర్రాడు:
డిక్కీ మీద బెల్టులతో కట్టే ర్యాక్ కొనుక్కో అన్నా. చవక.

సునాబెడ మెకానిక్:
బెల్టు ర్యాక్ వద్దు. డిక్కీ పైన రెక్కలా ఉండే స్పాయిలర్ ప్లాస్టిక్‌ది. కొక్కేలు దాన్ని పట్టుకుని లాగితే ఘాట్ గతుకులకి పగులుతుంది.

ఇక హిచ్. డిక్కీ కింద ఉన్నది 177.6 వోల్టుల లిథియం బ్యాటరీ. నారింజ రంగు కేబుల్ కనబడితే అది హై వోల్టేజిది, డ్రిల్లు సంగతి అలా ఉంచు, చెయ్యి కూడా పెట్టకూడదు. కారు మీద వెల్డింగ్ అసలే వద్దు, ఆ కరెంటు బాడీలోంచి పోయి ఎలక్ట్రానిక్స్‌ని దెబ్బతీస్తుంది. చాసిస్‌కి ముందే ఉన్న రంధ్రాల్లో బోల్టులతో బిగేదైతేనే ఆలోచించు.

బరువు కూడా చూసుకో. సైకిలు 15 కిలోలనుకుంటే రెండూ 30, ర్యాక్ ఇంకో 15. ఈ 45 కిలోలూ బంపర్ దాటి మూరెడు దూరంలో వేలాడతాయి. కారు ఆగి ఉన్నప్పుడు పరవాలేదు. గుంతలో పడ్డప్పుడు బోల్టుల మీద పడే లాగుడు దానికి రెండు మూడు రెట్లుంటుంది.

రాయగడ మాస్టారు:
బాబూ, ర్యాక్ లేని రోజున ఆ ఇనుము తీస్తావా, అలాగే ఉంచుతావా?

జయపురం సైకిల్:
మాస్టారూ, నేనడిగింది బ్యాటరీ గురించి.

రాయగడ మాస్టారు:
నేనడిగిందానికి జవాబు చెప్పు. తీస్తావా, తీయవా?

కొరాపుట్ కొండలు:
ముందు చట్టం చూడండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చేలా బండి మార్చకూడదు. 2019 సవరణతో ఒక్కో మార్పుకి 5000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. సైకిళ్ళు తగిలిస్తే నంబర్ ప్లేటూ, వెనక లైట్లూ మూసుకుపోతాయి, అది వేరే కేసు.

జయపురం సైకిల్:
బోల్టుతో బిగించి విప్పేది మార్పు ఎలా అవుతుంది? సీటు కవర్ కూడా మార్పేనా?

కొరాపుట్ కొండలు:
2017 డిసెంబర్‌లో కేంద్రం క్రాష్ గార్డులు సెక్షన్ 52కి విరుద్ధమని రాష్ట్రాలకు రాసింది. అవీ బోల్టులతో బిగించేవే.

జయపురం సైకిల్:
అవి బంపర్‌కి పెట్టే గార్డులు. నాది సైకిల్ మోసేది. రెండూ ఒకటే అంటే ఎలా?

గుణుపురం కుర్రాడు:
మా ఊళ్ళో సగం బళ్ళకి వెనక ఉంది అన్నా, ఒక్కడూ ఆపలేదు.

రాయగడ మాస్టారు:
ఆపలేదు కాబట్టే మా మేనల్లుడి మోకాలు పోయింది. సంతలో కారు వెనక బైకు మీద ఆగున్నాడు. కారతను చూడకుండా రివర్స్ చేశాడు. ప్లాస్టిక్ బంపర్ తగిలితే కమిలేది. బంపర్ దాటి జానెడు పొడుచుకొచ్చిన చదరపు గొట్టం మోకాలి చిప్పకి తగిలింది. బైకు పడిపోయింది, కారాయన దిగి తన బంపర్ చూసుకుని వెళ్ళిపోయాడు. ఇవాళ్టికీ మావాడు మెట్లెక్కేటప్పుడు గోడ పట్టుకుంటాడు. మీరు బ్యాటరీ, సెక్షన్లు, కిలోలు లెక్కేస్తున్నారు. వెనక ఉన్న మనిషి ఒక్కడికీ గుర్తు రాలేదు.

జయపురం సైకిల్:
ఎవరో చేసినదానికి నన్నెందుకు అంటారు? మీవాడికి జరిగింది నాకూ బాధే. కానీ నా కష్టం కూడా వినండి. జయపురం మెయిన్ రోడ్డులో ఆటోలు, బైకులు నా బంపర్‌కి గీతలు పెడుతూనే ఉన్నాయి. ఒక్కడూ సారీ చెప్పలేదు, డబ్బులన్నీ నేనే పెట్టుకున్నాను. రోజూ బజారుకి కారు తీసుకెళ్ళేది మా ఆవిడ, ఆవిడ బోల్టులు విప్పుతుందా? హిచ్ ఉంచేస్తాను. బంపర్‌కి కాపలా కూడా అవుతుంది. అందులో తప్పేముంది?

కొరాపుట్ కొండలు:
అంటే గార్డే కదా. ఇందాక కాదన్నావు.

సునాబెడ మెకానిక్:
తమ్ముడూ, అది కాపలా కాదు. వెనక నుంచి గుద్దితే బంపరూ, దాని వెనక రేకూ నలిగి ఆ దెబ్బని మింగాలి, దాని పనే అది. మధ్యలో ఇనుప గొట్టం పెడితే దెబ్బ నేరుగా చాసిస్‌కి పోతుంది. నీ కారులో అక్కడే బ్యాటరీ ఉంది. బంపర్ గీత మిగుల్చుకోవాలని చాసిస్ వంచుకుంటావా? అంతగా కావాలంటే పిన్ను లాగితే ముక్క బయటికొచ్చే రకం పెట్టించు, లోపలి గొట్టం బంపర్ అంచు దాటకూడదు. మాస్టారు చెప్పింది తీసిపారేసే మాట కాదు.

రాయగడ మాస్టారు:
పిన్ను లాగడం ఒక నిమిషం పని. అదీ చేయనంటే సైకిల్ కోసం కాదు, బంపర్ కోసమే పెడుతున్నాడని నేనంటాను.

జయపురం సైకిల్:
మీ రాయగడలో పార్కింగ్ ఎలా ఉంటుందో గానీ, ఇక్కడికొచ్చి ఒక్క వారం కారు పెట్టి చూడండి మాస్టారూ.

గుణుపురం కుర్రాడు:
అన్నా, వెనక సీటు మడిచి, ముందు చక్రాలు విప్పి లోపలే పెడితే?

జయపురం సైకిల్:
నాది 29 అంగుళాల చక్రం, పాపది 24. బ్యాటరీ వల్ల డిక్కీ తక్కువే ఉంది. రెండూ పడతాయా? ఎవరైనా పెట్టి చూసినవాళ్ళుంటే చెప్పండి. హిచ్ విషయం మాత్రం మాస్టారుతో ఇంకా తేలలేదు.

రాయగడ మాస్టారు:
తేలలేదు. పిన్ను గురించి ఇంకా జవాబు రాలేదు.