డిస్నీ పార్కులో మగపిల్లాడికి యువరాణి వేషం వేయించినవాళ్లు ఉన్నారా?

మాది కడప. వేసవి సెలవులకు ఓర్లాండోలో ఉన్న మా ఆడపడుచు ఇంటికి వెళ్తున్నాం. అక్కడి డిస్నీ వరల్డ్‌లో 3 నుంచి 12 ఏళ్ల పిల్లలకు వేషాలు వేసే బిబ్బిడి బాబిడి బొటిక్ ఉంది కదా. మా ఆరేళ్లవాడు వీడియో చూసి, కత్తి పట్టే వీరుడి వేషం వద్దు, నీలం గౌనూ కిరీటమే కావాలని పట్టుబట్టాడు. నా చున్నీ నడుముకు చుట్టుకుని, అది గుండ్రంగా విచ్చుకునేదాకా హాల్లో గిరగిరా తిరుగుతుంటాడు.

నాకూ మా ఆయనకూ అభ్యంతరం లేదు. టెన్షనంతా మా అత్తమ్మదే. "మగపిల్లోడికి గౌనేంది, నలుగురూ నవ్వరా?" అంటుంది. తిరుపతి గంగమ్మ జాతరలో మగవాళ్లు చీర కట్టి మొక్కు తీర్చుకుంటారు కదా అంటే, అది దేవుడి పని అంటుంది!

2022లో ఆ బొటిక్‌లో పనిచేసేవాళ్ల ఉద్యోగం పేరును మగవాళ్లకూ సరిపోయేలా 'ఫెయిరీ గాడ్‌మదర్స్ అప్రెంటిస్' (అంటే సిండ్రెల్లా కథలోని మాయాదేవతకు శిష్యులు) అని మార్చారు. మరి పిల్లల విషయంలో ఎలా ఉంటారు? బాబును తీసుకెళ్లినవాళ్లు చెప్పండి: వాడి ముందే ఏమైనా అడిగారా? బుక్ చేసేటప్పుడే చెప్పాలా? గౌను ఇక్కడే కుట్టించుకుని వెళ్తే జుట్టు, మేకప్ మాత్రం చేస్తారా? అత్తమ్మ కూడా మాతోనే వస్తోంది, ఆమెను ఎలా ఒప్పించాలో కూడా కాస్త చెప్పండి.