వేర్ల మీద తెల్లపొడి: ఇది ఏ పురుగో గుర్తుపట్టడం ఎలా?

కుండీమిత్ర:
హావోర్థియా (కండగల ఆకుల చిన్న కుండీ మొక్క) ఒకటి చాలాకాలంగా ఎదుగూ బొదుగూ లేకుండా ఉంది, నీళ్లు పోసినా ఆకులు వడిలినట్టే ఉంటున్నాయి. కుండీలోంచి తీసి చూస్తే మట్టిగడ్డ చుట్టూ, కుండీ గోడకి ఆనుకున్న వైపంతా, కాస్త నీలిఛాయ ఉన్న తెల్లటి పొడి. వేర్ల మధ్య మెత్తటి తెల్ల ముద్దలు, వాటిలో బియ్యపు నూకలో సగం కూడా లేని గింజలు. తదేకంగా చూస్తే ఒకటి రెండు మెల్లగా కదిలాయి. చూసినవాళ్లలో ఒకరు బూజు అంటారు, ఒకరు వేరు పిండినల్లి అంటారు, ఇంకొకరు పేనుబంక అని తేల్చేశారు. మందు పేర్లు ఇప్పుడే చెప్పొద్దండి, ముందు అదేంటో తెలియాలి. పది రెట్ల భూతద్దం, ఫోన్‌కి తగిలించుకునే మాక్రో లెన్స్ ఉన్నాయి. వాటితో ఏం చూడాలి?

మట్టిచేతులు:
కదిలాయంటే కనీసం ఆ గింజలు బూజు కాదు. చుట్టూ ఉన్న పొడి సంగతి తేలాలంటే దాని మీద ఒక చుక్క స్పిరిట్ వేసి చూడండి. పిండినల్లి మైనమైతే తడిసి కనిపించకుండా పోతుంది, కింద పురుగు ఉంటే దాని అసలు రంగు బయటపడుతుంది. బూజైతే సన్నటి పోగులు వేరు వెంట అల్లుకుని అలాగే ఉంటాయి. ఉత్త నీళ్లతో ఈ పరీక్ష కుదరదు, మైనం మీద నీటిచుక్క జారిపోతుంది. ఇంకో మాట, కుండీమట్టిలో కలిపే తెల్లటి పెర్లైట్ ముక్కలని చూసి కంగారు పడేవాళ్లు కూడా బోలెడుమంది, వాటిని గోటితో నలిపితే కరకరమంటాయి.

నల్లులవేట:
తెలుపుని బట్టి తేల్చొద్దు. మట్టిలో ఉండే పొలుసు పురుగుల్లో (పిండినల్లులూ వీటిలోవే) చాలావాటికి పైన మైనమే, కాబట్టి మైనం కింద ఏముందో చూడాలి. మెత్తటి కుంచెతో పొడి తుడిచేసి, పురుగుని వెల్లకిలా తిప్పి పెట్టుకోండి.

ముందు అంచులు. ఆకుల మీద కనిపించే మామూలు పిండినల్లికి ఒంటి చుట్టూ మైనపు పోగులు బారులు తీరి ఉంటాయి. సిట్రస్ పిండినల్లికి 18 జతలు, అనాస పిండినల్లికి 17. ఇవి కూడా వేర్లలోకి దిగుతాయి, అందుకే "వేరు మీద దొరికింది కాబట్టి వేరు పిండినల్లి" అనే లెక్క చెల్లదు. అసలైన వేరు పిండినల్లులు, అంటే రైజోసిడే కుటుంబం, ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్లలోపు ఉండి సన్నగా పొడుగ్గా ఉంటాయి, పొడి పల్చగా ఉంటుంది, పక్కల ఆ పోగుల వరుస ఉండదు.

రెండోది మీసాలు. వేరు పిండినల్లికి పొట్టి మీసాలు, తల ముందు కొసన రెండూ దగ్గర దగ్గరగా మొలిచి, మోచేయిలా వంగి ఉంటాయి, ఐదారు కణుపులే. మామూలు పిండినల్లికి మీసాలు దూరదూరంగా, ఇంకాస్త పొడుగ్గా ఉంటాయి. కళ్లు కూడా వేరువాటికి బాగా చిన్నవి, కొన్నింటికి అసలు ఉండవు, చీకట్లో బతికేవాటికి కళ్లతో పనేముంది.

పొడికి బదులు మైనం మందపాటి పలకలుగా అమరి, కాళ్లూ మీసాలూ ముదురు రంగులో కొట్టొచ్చినట్టు కనిపిస్తే అది ఆర్థీజియా కుటుంబం. నాచులో, రాలిన ఆకుల కింద కూడా తిరుగుతుంది. ఆడదాని వెనక గుడ్ల సంచి మైనంతోనే గట్టిగా పొడుగ్గా సాగి ఉంటుంది.

ఇక కాళ్లే లేకుండా పసుపు రంగు గుండ్రటి పూసలా వేరుకి అతుక్కుని ఉంటే మట్టిముత్యాలు అనే మార్గరోడిడే రకం, ఎక్కువగా గడ్డి వేర్ల మీద. అది పిల్లదశ. అందులోంచి వచ్చే ఆడపురుగుకి మట్టి తవ్వడానికి బలమైన ముందుకాళ్లు ఉంటాయి గానీ నోరు ఉండదు. వాటికి దగ్గరి చుట్టమైన పోలిష్ కోచినీల్ కూడా మొక్క వేర్ల మీదే పెరుగుతుంది. ఒకప్పుడు యూరప్‌లో బట్టలకి ఎర్రరంగు దాన్నుంచే తీసేవారు.

పచ్చగడప:
మెల్లగా విడుదలయ్యే ఎరువు గుళికల్ని మట్టిముత్యాలు అనుకుని టెన్షన్ పడేవాళ్లు ఎంతమందో! వేరుకి అంటుకుని ఉందా, మట్టిలో ఊరికే పడి ఉందా అన్నది ముందు చూసుకోండి.
అన్నట్టు, పేనుబంక సంగతి ఎవరూ చెప్పలేదు. వేరు పేనుబంకలో కూడా తెల్ల మైనం వదిలే రకాలు ఉన్నాయి కదా?

నల్లులవేట:
ఉన్నాయి, అసలు తికమక అక్కడే. పేనుబంకకి వెనక రెండు గొట్టాలుంటాయి, అవి చూడు అని అందరూ చెబుతారు, కానీ మైనం వదిలే వేరు రకాల్లో చాలావాటికి అవి వట్టి వలయాలుగా మిగులుతాయి, కొన్నింటికి అవీ ఉండవు. నమ్మదగిన గుర్తు పాదం. పేనుబంక కాలి చివర రెండు కొక్కేలు, పొలుసు పురుగులకి ఒక్కటే. కాకపోతే పది రెట్ల భూతద్దంలో కనిపించదు, ఎవరి దగ్గరన్నా మైక్రోస్కోప్ ఉంటే కాలు ఒకటి స్లైడ్ మీద పెట్టి చూడండి. అది లేకపోతే రెక్కల కోసం వెతకండి. రెక్కలున్న ఆడది దొరికితే పేనుబంకే, పొలుసు పురుగుల్లో రెక్కలు మగవాటికే, అవీ ఒక్క జతే.

కుండీమిత్ర:
స్పిరిట్ వేశాను, పొడి మాయమైంది, కింద పురుగు ఒళ్లు లేత మీగడ రంగు. తుడిచి తిప్పి చూస్తే ఆరు కాళ్లున్నాయి, పక్కల పోగులు లేవు. మాక్రో లెన్స్‌లో తల కొసన రెండు పొట్టి మీసాలు ఇంచుమించు ఒకే చోటినుంచి వచ్చి కిందికి వంగాయి. కళ్లు కనిపించలేదు. కుండీ కింద చీమలు కూడా తిరుగుతున్నాయి. మరి ఇది ఆ రైజోసిడే కుటుంబంలోని రైజోకస్ అనుకోవచ్చా?

నల్లులవేట:
రైజోసిడే కుటుంబం అని గట్టిగానే చెప్పొచ్చు. రైజోకస్ అని మాత్రం ఫోటో చూసి అనలేం, అదే కుటుంబంలోని రిపర్సియెల్లా కూడా పైకి అచ్చం ఇలాగే ఉంటుంది. చర్మం మీద మైనం వదిలే సూక్ష్మ గొట్టాలు రెండేసి ఉన్నాయా మూడేసి ఉన్నాయా లాంటివి చూడాలి, అవి పెద్ద మైక్రోస్కోప్‌లోనే తెలుస్తాయి. అందుకు పురుగుని 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో ఉంచి లోపలి భాగమంతా కరిగించి, మిగిలిన చర్మానికి రంగు ఎక్కించి స్లైడ్ కడతారు. ఇంట్లో చేసే పని కాదు.
చీమలు ఉన్నంత మాత్రాన పేరు తేలదు, తేనెబంక (ఈ పురుగులు వదిలే తియ్యటి జిగురు) కోసం అవి పేనుబంక దగ్గరికీ వస్తాయి. అయితే అక్రోపైగా అనే చీమల్లో కొత్త రాణి జతకట్టడానికి ఎగిరేటప్పుడు ఒక వేరు పిండినల్లిని నోట కరుచుకుని మరీ వెళుతుంది, కొత్త పుట్టలో మంద మొదలెట్టడానికి!

మట్టిచేతులు:
పేరు తేల్చుకోవాలంటే ఎదిగిన ఆడపురుగుల్ని నాలుగైదు, వేరు ముక్కతో సహా 75 శాతం ఆల్కహాల్‌లో వేసి పురుగుల నిపుణులకి పంపండి. పిల్లపురుగులు పనికిరావు, గుర్తులన్నీ ఎదిగిన ఆడవాటి మీదే రాసిపెట్టారు. ఏ మొక్క, ఎక్కడ, ఏ తేదీ అన్నది పెన్సిల్‌తో చీటీ మీద రాసి సీసా లోపలే వేయండి. పెన్నుతో రాస్తే ఆల్కహాల్‌లో సిరా కరిగిపోతుంది. ఆ కుండీని మాత్రం మిగతావాటి నుంచి దూరంగా పెట్టండి, పిల్లపురుగులు కింది రంధ్రాల్లోంచి పక్క కుండీలోకి నడిచి వెళతాయి.

కుండీమిత్ర:
సరేనండి, కుండీ పక్కకి పెట్టేశాను. పక్కనున్న ఇంకో రెండింటిని కూడా తీసి చూస్తాను, వాటి అడుగున కూడా అదే నీలిఛాయ పొడి కనిపిస్తోంది.