భూపేన్ ఖాఖర్ బొమ్మలు మన హాల్లో చూపించొచ్చా, కూడదా?

మూలపేట కుంచె:
నెల్లూరులో ఆదివారాలు కూర్చుని బొమ్మలేసుకునే మా జట్టుకి ఈసారి బరోడా చిత్రకారుడు భూపేన్ ఖాఖర్ వేసిన బొమ్మలు తెర మీద చూపిద్దామనుకున్నా. అందరూ పెద్దోళ్ళే, పిల్లలు రారు. హాలు ఇచ్చేవాళ్ళు ‘బెనారస్‌లో ఇద్దరు మగవాళ్ళు’ (1982) ఒక్కటీ తీసెయ్యమన్నారు. నగ్నంగా కౌగిలించుకున్న ఇద్దరు మగవాళ్ళు, వెనకాల తన పాటికి తాను నడిచిపోయే ఊరు. అది తీసేస్తే ఇంక ఆయన్ని చూపించేదేముంది? మీరేమంటారు?

పెన్నా గట్టు:
తీసెయ్యమంటే తప్పేంది? వాచీలు బాగుచేసే కొట్టు బొమ్మ (1972) ఉందిగా, అది చూపించండి. పడగ్గదిలో సంగతులు హాల్లోకి ఎందుకు?

కావలి బోర్డు ఆర్టిస్టు:
నగ్నం సంగతి పక్కన పెట్టండబ్బా, ఆ పాదాలు చూసినారా? ఒక్కటీ నేలకి ఆనడంలా. ఆడిటరు పని చేసుకుంటా బొమ్మలేస్తే అట్టనే ఉంటది.

ఒంగోలు గిత్త:
ఆ పాదాలే 2019లో లండన్ వేలంలో 20 కోట్ల పైన పలికినాయి అన్నా 😄

కావలి బోర్డు ఆర్టిస్టు:
డబ్బొస్తే పాదం కుదిరినట్టా?

మూలపేట కుంచె:
అన్నా, ఆయన చార్టర్డ్ అకౌంటెంటే, కాదన్లా. బొంబాయిలో పుట్టి, 1962లో బరోడా చేరి, లెక్కలు రాసుకుంటానే బొమ్మలేశాడు. క్యాలెండర్లు, బజారు పటాలు, మీరు రాసే బోర్డులు, ఆయన చూసి నేర్చింది వాటినే. పాదం తేలిపోతుండాదంటే ఆ బజారు పద్ధతి కావాలనే తీసుకున్నాడు. 1981లో వేసిన ‘అందరినీ మెప్పించలేవు’ చూడండి. గాడిదని మోసిన తండ్రీకొడుకుల కథ కింద జరుగుతుంటే, పైన బాల్కనీలో ఒకాయన బట్టల్లేకుండా నిలబడి చూస్తుంటాడు. ఆ నిలబడ్డోడు తానే. క్యాన్సరొచ్చాక పొట్టలో తూటా దిగిన మనిషిని వేశాడు (2001). 2003లో పోయాడు. కౌగిలి వేసిన చేయే ఆ పొట్టనీ వేసింది. ఒకటి చూపించి ఒకటి దాస్తే ఆయన బతుకులో సగం కోసేసినట్టే.
ఇంకోమాట. తోలుబొమ్మలాటలో జుట్టుపోలిగాడూ బంగారక్కా ఆడే పచ్చి మాటలు మనం ఇంటిల్లిపాదీ కూర్చుని వినలేదా?

పెన్నా గట్టు:
పోలిగాడు బొమ్మ. వాడికి పెళ్ళాం బిడ్డలు లేరు, పొద్దున లేచి బజారుకి పోయే పని లేదు. నీలాంటోళ్ళకి పక్కోడి బతుకు కూడా బొమ్మే.

సింగరాయకొండ:
ఇదేదో ఖాఖర్ గురించి లేదే…

మూలపేట కుంచె:
లేదు. చెప్తా. మా మేనమామకి ఒక స్నేహితుడుండేవాడు. సాయంత్రమైతే ఇద్దరూ పెన్న ఒడ్డునే. మామకి జబ్బు చేస్తే ఆస్పత్రిలో రాత్రుళ్ళు మేలుకుంది ఆయనే. మామ పోయాక బోడిగాడితోట శ్మశానానికి వస్తే లోపలికి రానియ్యలా, బయటే నిలబెట్టారు. ఎవరు ఆపారో మీకు బాగా తెలుసు.

పెన్నా గట్టు:
నేనే ఆపినా. మా నాయన చితి దగ్గర ఎవరు నిలబడాలో నువ్వు చెప్పేదేంది? మనమెవరమో ఇక్కడ ఎవరికీ తెలవదు గనక అడుగుతుండా బావా. ఆ బెనారస్ బొమ్మ పక్కన మా నాయన, ఆయన ఉండే ఫోటో పెట్టి మీ జట్టు గ్రూపులో ఎందుకేసినావు? ఖాఖర్ తన సంగతి తానే బయటపెట్టుకున్నాడు. అదీ తల్లి పోయిన తర్వాత. మా నాయన నోరు తెరిచి ఒక్క మాట అన్లా. మా అమ్మ ఇంకా బతికే ఉండాది.

కావలి బోర్డు ఆర్టిస్టు:
ఫోటో వేసింది తప్పే. బొమ్మకీ దానికీ ముడి పెట్టొద్దు.

మూలపేట కుంచె:
అన్లేదంటే అననిచ్చారా? అత్తకి తెలియదనుకుంటుండావా? ఆస్పత్రికి ఇద్దరికీ క్యారేజీ కట్టి పంపింది ఎవరు?

పెన్నా గట్టు:
తెలిసి కడుపులో పెట్టుకుంది. అది ఆమె ఇష్టం. దాన్ని నువ్వు తెర మీదకి ఎక్కించొద్దు.

ఒంగోలు గిత్త:
మీరిద్దరూ ఫోన్లో మాట్లాడుకోండి సామీ.

మూలపేట కుంచె:
ఫోటో తీసేస్తుండా. బొమ్మ మాత్రం తియ్యను. హాలు ఇయ్యకపోతే మా మేడ మీద చూపిస్తా.

పెన్నా గట్టు:
మీ మేడ మీద మాట్లాడితే మా వంటింట్లోకి వినపడుద్ది. ఆదివారం అమ్మని గూడూరు అక్క దగ్గరికి పంపిస్తా, ఆ తర్వాత నీ ఇష్టం.