కింద కుళ్లిన గ్యారేజీ తలుపు: కొత్తది పెట్టించే ముందు ఏమి చూసుకోవాలి?

ముసురు:
వానలు బాగా కురిసే చోట ఉంటాం. గ్యారేజీకి రెండు రెక్కల చెక్క తలుపు ఉంది. రెక్కల కింది అంచు జానెడు మేర మెత్తబడింది, గోటితో గీరితే పొట్టు రాలుతోంది. మడతబందులు తుప్పు పట్టి ఒక రెక్క కుంగింది, తీసినప్పుడల్లా గచ్చుకు రాసుకుంటోంది. ఇక మరమ్మతు దండగ అనిపించి ఇనుప తలుపు పెట్టిద్దామనుకుంటున్నాను. చూడటానికి వచ్చిన ఒకాయన రోలింగ్ షట్టరు చాలన్నారు. ఇంకొకాయన పలకలు పలకలుగా పైకి వెళ్లి కప్పు కింద పడుకునే సెక్షనల్ తలుపే మేలన్నారు. గాలివాన కొట్టినప్పుడు తలుపు కింద నుంచి నీళ్లు వచ్చి బారెడు మేర గచ్చు తడుస్తుంది. ఏది తీసుకోమంటారు? మోటారు కూడా పెట్టించాలని ఉంది.

రసమట్టం:
రకం సంగతి తర్వాత చూద్దాం. ముందు తలుపు మూసుకునే గీత మీద ఒక బకెట్టు నీళ్లు నెమ్మదిగా పోయండి. ఎటు పారాయో, ఎక్కడ నిలిచాయో చెప్పండి.

ముసురు:
పోసి చూశాను. కొన్ని బయటికి వెళ్లాయి, కొన్ని లోపలికి వచ్చాయి. ఎడమ మూలలో చిన్న మడుగు కట్టింది, గంట తర్వాత కూడా అలాగే ఉంది. ఎక్కువగా కుళ్లిన రెక్క కూడా ఆ వైపుదే.

రసమట్టం:
అయితే దోషం తలుపుది కాదు, గచ్చుది. మీ చెక్క పైన పడిన వానకు కుళ్లలేదు. కింద నిలిచిన నీటిని పీల్చుకుని కుళ్లింది. ఎంత ఖరీదైన ఇనుప తలుపు తెచ్చినా అదే మడుగులో నిలబెడితే కుళ్లుకు బదులు తుప్పు వస్తుంది. తలుపులు అమ్మేవారు గచ్చు గురించి మాట్లాడరు, ఎందుకంటే అది వారి పని కాదు.

చేయవలసింది ఇది. తలుపు దిగి ఆనే చోటు గ్యారేజీ లోపలి గచ్చు కంటే 20 నుంచి 25 మి.మీ. పల్లంగా ఉండాలి. తలుపు లోపలి ముఖం ఎక్కడ వస్తుందో గీత గీసి, అక్కడి నుంచి బయటి వైపు గచ్చును అంత మేర కొట్టి, బయటికి వాలుగా తిరిగి పోయించండి. మీటరుకు 15 నుంచి 20 మి.మీ. వాలు చాలు. ఇలా చేస్తే తలుపు మీద జారిన నీరు పల్లంలోకి దిగి బయటికి పోతుంది. గాలి తోసుకొచ్చిన కాస్త నీరు తలుపు అడుగున ఉండే రబ్బరు దాటినా లోపలి మెట్టు అంచు దగ్గర ఆగుతుంది. మెట్టు మొనను కొద్దిగా ఏటవాలుగా చెక్కిస్తే కారు చక్రానికి కుదుపు తెలియదు, అంచూ పగలదు.

మీ వాకిలి మొత్తం గ్యారేజీ వైపే వాలి ఉంటే ఈ మెట్టు ఒక్కటే సరిపోదు. తలుపుకు ముందు, ద్వారం పొడవునా, పైన జాలీ మూత ఉన్న కాలువ వేయించాలి. ఆ కాలువకు నీరు పోయే దారి ఉందో లేదో ముందే చూసుకోండి. దారి లేని కాలువ మొదటి పెద్ద వానకే నిండి పొంగుతుంది.

గచ్చు పగలగొట్టడం ఇష్టం లేకపోతే నేలకు అంటించే రబ్బరు గడప పట్టీలు దొరుకుతాయి. జల్లును ఆపుతాయి, నిలిచే నీటిని ఆపలేవు. పైగా తడిసిన కారు నుంచి కారే నీటిని లోపలే పట్టి ఉంచుతాయి. మీ ఎడమ మూలకు అవి పనికిరావు.

చెక్కపొట్టు:
చెక్కను అంత తేలిగ్గా తీసిపారేయకండి. ముసురు గారూ, ఆ రెక్కల అడుగు అంచుకు ఎప్పుడైనా రంగు వేశారా? అద్దం పెట్టి కింద చూడండి, పచ్చి చెక్క కనిపిస్తుందని నా అనుమానం. రెక్క బిగించాక అడుగుకు కుంచె పట్టదు కాబట్టి ఎవరూ వేయరు. పీచు తెగిన అడ్డకోత అంచు పక్క ముఖాల కంటే ఎన్నో రెట్లు వేగంగా నీరు తాగుతుంది. బిగించకముందే ఆరు ముఖాలకూ ప్రైమరు, రంగు పట్టించి, కింది కోతకు మరో రెండు పూతలు ఎక్కువ వేసి, గచ్చుకు 10 మి.మీ. ఎడం వదిలి, ఆ ఎడానికి బ్రష్షు పట్టీ బిగిస్తే చెక్క తలుపు వానను బాగానే తట్టుకుంటుంది. పాడైతే ఆ ముక్క వరకే మార్చుకోవచ్చు. సొట్ట పడిన రేకు పలకకు ఆ సదుపాయం ఉందా?

రసమట్టం:
చెక్కపొట్టు గారు చెప్పినది నిజం, ముఖ్యంగా అడ్డకోత మాట. అయితే రెండు మూడేళ్లకోసారి రంగు వేసే ఓపిక ఉన్నవారికే చెక్క. ఇంకొక చిక్కు కూడా ఉంది. రెక్కలకు మోటారు పెట్టినప్పుడు చెక్క వానకు ఉబ్బి బిగుసుకుంటే మోటారు మూలుగుతుంది. ముసురు గారు మోటారు కావాలంటున్నారు కాబట్టి నేను ఇనుము వైపే మొగ్గుతాను.

ఇక షట్టరా, సెక్షనలా? జల్లు కొట్టే చోట మామూలు రోలింగ్ షట్టరు నాకు నచ్చదు. దాని పట్టీలు ఒకదానిలో ఒకటి చిక్కుకునే ప్రతి అతుకూ గాలికి నీటిని లోపలికి వదులుతుంది. తడిసిన షట్టరు తడితోనే చుట్టుకుని పైన పెట్టెలో ఆరకుండా ఉంటుంది. కొన్నేళ్లు వాడిన షట్టరును పూర్తిగా కిందికి దించి అతుకుల వెంట చూడండి, తుప్పు గీతలు గీతలుగా అక్కడే మొదలవుతుంది. సెక్షనల్ తలుపు ద్వారానికి లోపలి వైపు గోడకు ఆని మూసుకుంటుంది. పక్కలా పైనా రబ్బరు అంచులు, కింద లావు రబ్బరు, పలకకూ పలకకూ మధ్య సన్న పట్టీ ఉంటాయి. వానకు అదే మంచిది. కాకపోతే దానికి ద్వారం పైన చోటు కావాలి, మామూలు పట్టాలైతే 30 సెం.మీ. దాకా. అంత లేకపోతే తక్కువ ఎత్తుకు సరిపోయే పట్టాలు అడగండి.

రెండు రేకుల మధ్య నురగ నింపిన పలకలే తీసుకోండి. వేడి, చలి సంగతి అటుంచి, తేమ కోసమే ఈ మాట చెబుతున్నాను. ఒంటి రేకు తలుపుకు రాత్రి చల్లబడ్డాక లోపలి వైపు చెమట పడుతుంది. తెల్లవారి చూస్తే పలక మడతల వెంట బొట్లు వరుస కట్టి ఉంటాయి. అవి మీ సైకిళ్ల మీదే రాలతాయి. వాన లోపలికి వచ్చిందని మీరు తలుపును తిడతారు, వచ్చింది లోపలి గాలిలోని తేమే.

గాలిలో సముద్రపు ఉప్పు ఉండే చోటైతే అల్యూమినియం గానీ ఫైబరు గ్లాసు గానీ చూడండి. ఉప్పు లేని చోట జింకు పూత మీద కాల్చిన రంగున్న ఇనుప పలక చాలు.

నట్టుబోల్టు:
తలుపు మంచిదే వచ్చి బిగింపు దగ్గర పాడయ్యే ఇళ్లు ఎక్కువ. కొన్ని మాటలు చెబుతాను.

మేకులు, స్క్రూలు, గోడ బోల్టులు తడి తగిలే చోటల్లా స్టెయిన్‌లెస్ స్టీలువే వాడమనండి. మామూలుగా 304 రకం, ఉప్పు గాలి ఉంటే 316. అల్యూమినియం చట్రానికి స్టెయిన్‌లెస్ బోల్టు వేస్తే మధ్యలో నైలాను వాషరు ఉండాలి. తడిలో రెండు లోహాలు నేరుగా తాకితే అల్యూమినియం తినుకుపోతుంది.

పలకకు రంధ్రం చేసినప్పుడు రాలే ఇనుప పొడిని అప్పటికప్పుడు మెత్తటి కుంచెతో దులపమనండి. తడి గాలిలో అది రాత్రికి రాత్రే తుప్పు పట్టి, తెల్లటి పలక మీద గోధుమ రంగు చుక్కలు చుక్కలుగా అంటుకుపోతుంది. కొత్త తలుపుకు మరకలొచ్చాయని కంపెనీని తిట్టేవారిలో చాలామంది తలుపులకు పట్టింది ఈ పొడే. కోసిన ప్రతి అంచుకూ, రంధ్రానికీ జింకు రంగు పూయాలి.

నిలువు పట్టాల కాళ్లు గచ్చు మీద ఆనకూడదు. 5 మి.మీ. ప్లాస్టిక్ బిళ్ల మీద నిలబెట్టండి. తుప్పు ఎక్కేది అక్కడి నుంచే.

చట్రానికీ గోడకూ మధ్య సందులో నింపే సిలికాను సీలెంటు వెనిగరు వాసన వస్తే వద్దనండి. అందులోని ఆమ్లం జింకు పూతను తింటుంది, సిమెంటుకూ సరిగా అంటదు. న్యూట్రల్ రకం అడగండి. పైనా, రెండు పక్కలా నింపించండి. పక్క సందుల అడుగు కొసలు మాత్రం వదిలేయాలి. ఎక్కడో చొరబడిన నీరు కిందికి దిగి బయటపడే దారి అదే.

లింటెల్ (ద్వారం పైన అడ్డంగా ఉండే దూలం) అడుగున, బయటి అంచుకు దగ్గరగా, నీటిబొట్టు తెగిపడే గాడి ఉందా? లేకపోతే గోడ మీద జారిన నీరు లింటెల్ అడుగు వెంట పాకి నేరుగా తలుపు పై రబ్బరు దగ్గరికి వస్తుంది. గాడి కొట్టలేకపోతే ఎల్ ఆకారపు అల్యూమినియం పట్టీ బిగించండి.

ముసురు:
గచ్చు పని చేయించాలనే నిర్ణయించుకున్నాను. మెట్టు కొట్టేలోగా తలుపు ఆర్డరు పెట్టేయవచ్చా? తయారై రావడానికి కొన్ని వారాలు పడుతుందంటున్నారు. మోటారు సంగతి కూడా చెప్పండి.

రసమట్టం:
గచ్చు అయ్యాకే కొలతలు తీయించండి. మెట్టు కొడితే ద్వారం ఎత్తే మారుతుంది కదా. వెడల్పు పైన, మధ్యలో, కింద కొలవాలి. ఎత్తు ఎడమన, మధ్యలో, కుడిన కొలవాలి. తర్వాత రెండు మూలల మధ్య ఏటవాలు కొలతలు పోల్చండి. వాటిలో తేడా ఉంటే ద్వారం చదరంగా లేదని అర్థం. కింది రబ్బరు గచ్చులోని చిన్న హెచ్చుతగ్గులను కప్పుతుంది, సెంటీమీటరు దాటితే కప్పలేదు. తలుపు వచ్చేలోగా గచ్చుకు నెల రోజులు దొరుకుతాయి, అవీ అవసరమే. పచ్చి సిమెంటులోని క్షారం అల్యూమినియాన్నీ, జింకు పూతనూ కొరుకుతుంది. కొత్త అంచులో బోల్టు దిగ్గొడితే పగులుతుంది కూడా.

నట్టుబోల్టు:
మోటారు గురించి నేను చెబుతాను. తలుపు బరువు మోసేది స్ప్రింగు, మోటారు కాదు. మోటారును తలుపుకు కలిపే లంకె విడదీసి తలుపును చేత్తో సగం ఎత్తి వదలండి. అక్కడే నిలిస్తే తూకం కుదిరింది. జారినా, ఎగిరినా స్ప్రింగు సరిచేయించాలి. ఆ పని మాత్రం మీరు చేయవద్దు. ద్వారం పైన అడ్డంగా ఉండే టార్షన్ స్ప్రింగు విపరీతమైన బిగువులో ఉంటుంది, దాన్ని తిప్పే రాడ్డు జారితే చేతి ఎముకలు విరుస్తుంది. మామూలు స్ప్రింగు సుమారు 10,000 సార్లు తెరిచి మూయడానికి లెక్కగట్టి ఉంటుంది. రోజుకు నాలుగు సార్లు అనుకుంటే ఏడేళ్లకు కాస్త తక్కువ. తడి చోట తుప్పు ఆ లెక్కను కూడా కోస్తుంది కాబట్టి ఏడాదికి రెండు సార్లు స్ప్రింగు చుట్ల మీద, మడతబందుల మీద, రోలర్ల బేరింగుల మీద సిలికాను స్ప్రే కొట్టండి. పట్టాల లోపల కొట్టకండి, మట్టి పేరుకుంటుంది. అక్కడ పొడి గుడ్డతో తుడిస్తే చాలు.

అడ్డంకి కనిపెట్టే కంటి సెన్సర్లు రెండు పక్కలా నేల నుంచి 15 సెం.మీ. మించని ఎత్తులో ఉండాలి. ముసురు రోజుల్లో వాటి అద్దానికి ఆవిరి పట్టి తలుపు మూసుకోనని మొరాయిస్తుంది. మోటారు చెడిందని ఫోను చేసే ముందు గుడ్డతో ఒకసారి తుడవండి. ప్లగ్గు కప్పుకు దగ్గరగా ఉండాలి, ఆ లైనుకు కరెంటు లీకైతే కట్ చేసే బ్రేకరు ఉండాలి. గ్యారేజీకి వేరే తలుపు లేకపోతే, కరెంటు పోయినప్పుడు బయటి నుంచి తాళంతో లంకె విడదీసే ఏర్పాటు అడిగి పెట్టించుకోండి. ఎవరూ తమంతట తాము చెప్పరు.

ముసురు:
వేరే తలుపు లేదు. మంచి మాట చెప్పారు. ఇన్ని రబ్బర్లు బిగించాక తడిసిన కారు లోపల పెడితే ఆ తేమ ఎటు పోతుంది?

చెక్కపొట్టు:
ఎటూ పోదు, అందుకే గాలి జాలీలు పెట్టించాలి. ఒక గోడకు కింద, ఎదుటి గోడకు పైన పెట్టించండి. వాన కొట్టే వైపు గోడకు మాత్రం వద్దు. తీసేసే పాత రెక్కల్లో పై భాగం గట్టిగానే ఉండి ఉంటుంది, పారేయకండి.

రసమట్టం:
పని అయ్యాక చివరి విడత డబ్బు ఇచ్చే ముందు ఒక పరీక్ష పెట్టండి. తలుపు మూసి, ఒకరు టార్చి పట్టుకుని లోపల ఉండాలి. ఇంకొకరు బయటి నుంచి పైపుతో ముందు గడప మీద, తర్వాత పక్కల మీద, చివరగా లింటెల్ మీద, ఒక్కో చోట ఐదేసి నిమిషాలు నీళ్లు కొట్టాలి. ఈ వరుస మార్చకండి. మొదటే పైన కొడితే నీరు అన్ని చోట్లా జారి, చొరబడుతున్నది ఎక్కడో తెలియదు. ఫిట్టరు అక్కడ ఉండగానే చేయండి, రబ్బరు సర్దడం అతనికి పది నిమిషాల పని.